బ్లాక్‌బర్న్ 2012-13: ఆ సీజన్ పాడవడానికి యజమానులే కారణమా?

నీలంతెలుపు
చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2010 నవంబర్‌లో పుణెకి చెందిన కోళ్ళ కంపెనీ వెంకీస్ వాళ్ళు 23 మిలియన్ పౌండ్లకు కొన్నారు. వాళ్ళ గ్రూపు వెంకటేశ్వర హేచరీస్‌ని స్థాపించిన బి.వి.రావు గారు తెలుగువారు కాబట్టి మనలో చాలామందికి ఈ క్లబ్ మీద ఆసక్తి మొదలైంది అప్పుడే. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు. 2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగన్ చేతిలో 1-0తో ఓడి కింది డివిజన్‌కి దిగిపోయింది. ఆ రాత్రి ఎవరో క్లబ్ జెండా కట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ రాత్రి గురించి కాదు, ఆ తర్వాతి సీజన్ గురించి. 2012-13లో ఛాంపియన్‌షిప్‌లో, అంటే రెండో డివిజన్‌లో ఆడి, వెంటనే పైకి రావాల్సిన జట్టు 58 పాయింట్లతో 17వ స్థానంలో ఆగింది. ఆ ఒక్క సీజన్‌లో మేనేజర్లుగా బెంచ్ దగ్గర నిలబడినవాళ్ళు ఐదుగురు: స్టీవ్ కీన్, ఎరిక్ బ్లాక్, హెన్నింగ్ బెర్గ్, గ్యారీ బౌయర్, మైకేల్ ఆపిల్టన్. బౌయర్ అయితే రెండుసార్లు. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా యజమానుల తప్పు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కోళ్ళఫారం_తణుకు
పూర్తిగా అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. మా ఇంట్లో రెండు తరాలుగా కోళ్ళ పెంపకమే. గుడ్డు ధర రైతు చేతిలోకి రావాలని నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ సంఘం) పెట్టించిన మనిషి బి.వి.రావు గారు. ఆ కుటుంబానికి వ్యాపారం తెలియదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

క్లబ్ కింద పడగానే వాళ్ళు పారిపోలేదు కదా. ఆ వేసవిలో జోర్డన్ రోడ్స్‌ని హడర్స్‌ఫీల్డ్ నుంచి 8 మిలియన్ పౌండ్లకు తెచ్చారు. ఛాంపియన్‌షిప్‌కి దిగిన క్లబ్ ఒక్క ఆటగాడి మీద అంత పెట్టడం మామూలు విషయం కాదు. అతను లీగ్‌లో 27 గోల్స్ కొట్టాడు. డబ్బు పెట్టారు, ఆటగాడిని సరిగ్గా ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లో జీతం తీసుకుని మోసం చేసినవాళ్ళూ, చేతకానివాళ్ళూ ఉంటే ఆ తప్పు పుణెలో కూర్చున్నవాళ్ళ మీద ఎందుకు వేస్తారు?

లెక్కలు_ముఖ్యం
మోసం అనే మాటకి ఆధారం కావాలండీ. చేతకానితనం గురించి మాట్లాడుకుందాం, అది చాలు.

డబ్బు విషయం మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. అప్పటి నిబంధనల ప్రకారం ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్‌కి ఆదాయం ఒక్కసారిగా పడిపోకుండా ఇచ్చే పారాచూట్ డబ్బు నాలుగేళ్ళలో 48 మిలియన్ పౌండ్లు వచ్చేది. మొదటి రెండేళ్ళు ఏడాదికి 16 మిలియన్లు. ఛాంపియన్‌షిప్‌లో మిగతా చాలా క్లబ్‌లకి దాని దరిదాపుల్లో కూడా రాదు. అంటే పోటీ మొదలవకముందే బ్లాక్‌బర్న్ ముందుంది. అలా ముందుండి కూడా 17వ స్థానం. కాబట్టి డబ్బు లేక పాడైంది అనే వాదన ఎలాగూ నిలబడదు. మరి డబ్బు ఉండి ఎందుకు పాడైందన్నది అసలు ప్రశ్న.

ఇంకో లెక్క. ఆ ఏడాది ఆరో స్థానానికి, అంటే పైకి వెళ్ళే ఆఖరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌కి, 68 పాయింట్లు చాలాయి. 17వ స్థానంలో ఉన్న మనకి 58. పది పాయింట్ల తేడా. 46 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక మేనేజర్ కుదురుగా ఉంటే దొరికే పాయింట్లే అవి. కిందవైపు చూస్తే భయం వేస్తుంది. పీటర్‌బరో 54 పాయింట్లు తెచ్చుకుని కూడా మూడో డివిజన్‌కి పోయింది. పైన ప్లేఆఫ్‌కి పది, కింద గోతికి నాలుగు.

సైడ్‌లైన్
దిగిపోయిన తర్వాతి సీజన్ ఎవరికైనా కష్టమే. పాత యజమాని జాక్ వాకర్ బతికుండగానే 1999లో ఇదే క్లబ్ దిగిపోయింది. ఆ తర్వాతి సీజన్‌లో మేనేజర్ బ్రయాన్ కిడ్‌ని తీసేశారు, చివరికి వచ్చింది 11వ స్థానం. అప్పుడు ఎవరూ యజమానిని తిట్టలేదు.

నీలంతెలుపు
మంచి ఉదాహరణ ఇచ్చారు, కానీ అది నా వైపే పనిచేస్తుంది. 2000 మార్చిలో గ్రేమ్ సూనెస్‌ని తెచ్చారు. 11వ స్థానంలో ఆగినా అతన్ని కదపలేదు. మరుసటి ఏడాది రెండో స్థానంతో పైకి వచ్చారు, 2002లో లీగ్ కప్ కూడా గెలిచారు. దిగిపోవడం, తడబడటం రెండుసార్లూ జరిగాయి. తడబడినప్పుడు ఏం చేశారన్నదే తేడా.

ప్రెస్టన్‌లో_తెలుగు
నేను ఉండేది బ్లాక్‌బర్న్‌కి పక్క ఊళ్ళోనే. ఆ సీజన్‌లో కొన్ని ఆటలకి వెళ్ళాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు కీన్ విషయం. అభిమానులు 2011-12 అంతా అతన్ని తీసేయమని అరిచారు, బ్యానర్లు పట్టుకున్నారు. యజమానులు వినలేదు, దిగిపోయాక కూడా ఉంచారు. సరే, నమ్మారు అనుకుందాం. కొత్త సీజన్ బాగానే మొదలైంది, సెప్టెంబర్‌లో జట్టు పట్టికలో పైభాగంలోనే ఉంది. కానీ గ్లోబల్ అడ్వైజర్ అనే హోదాలో వచ్చిన షెబ్బీ సింగ్, మలేషియా మాజీ ఆటగాడు, టీవీ విశ్లేషకుడు, అభిమానుల సమావేశంలో బహిరంగంగా అన్నాడు: వరసగా మూడు ఓడితే కీన్ ఉండడు అని. తన మేనేజర్ గురించి క్లబ్ ప్రతినిధి అభిమానుల ముందు అలా అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ మేనేజర్ మాట ఎవరు వింటారు? సెప్టెంబర్ 28న కీన్ తనే రాజీనామా చేశాడు. తీసేయాల్సినప్పుడు తీసేయలేదు, ఉంచాక ఉండనివ్వలేదు.

తర్వాత బెర్గ్. 1995లో టైటిల్ గెలిచిన జట్టులో డిఫెండర్, ఊరంతా ఇష్టపడే మనిషి. అక్టోబర్ 31న మూడేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు. 57 రోజులకు, పది ఆటల్లో ఒక్క గెలుపుతో, డిసెంబర్ 27న పంపేశారు. ఫలితాలు బాగాలేవు, నిజమే. కానీ అసలు విషయం కోర్టులో బయటపడింది. అతనికి ఇవ్వాల్సిన 2.25 మిలియన్ పౌండ్లు ముందు ఇస్తామని క్లబ్ ఒప్పుకుంది. తర్వాత మాట మార్చి, ఆ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిన మేనేజింగ్ డైరెక్టర్ డెరెక్ షాకి ఆ అధికారం లేదని వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు, కట్టమంది.

ఈ ఒక్కటి చాలు నాకు. తమ మేనేజింగ్ డైరెక్టర్‌కి సంతకం పెట్టే అధికారం లేదని ఒక క్లబ్బే కోర్టుకెళ్ళి చెప్పుకుంది. మరి అధికారం ఎవరికి ఉంది? డెరెక్ షా ఒక వైపు, షెబ్బీ సింగ్ ఒక వైపు, పుణె ఒక వైపు. మేనేజర్ ఎవరికి ఫోన్ చేయాలి? ఏళ్ళ తరబడి క్లబ్‌ని నడిపిన ఛైర్మన్ జాన్ విలియమ్స్ 2011 ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయాడు. ఆ స్థాయి మనిషిని మళ్ళీ పెట్టలేదు. కోళ్ళఫారం గారూ, డబ్బు పెట్టారన్నది నేను కాదనను. నిర్ణయం తీసుకునే ఒక్క మనిషిని పెట్టలేదు. అది పెట్టాల్సింది యజమాని కాకపోతే ఇంకెవరు?

కోళ్ళఫారం_తణుకు
బెర్గ్ కేసు సంగతి ఇంత వివరంగా ఎవరూ రాయలేదు. అయినా దూరం అనే కష్టాన్ని మీరు తక్కువ చేస్తున్నారు. కొత్త దేశం, కొత్త వ్యాపారం. అక్కడి ఏజెంట్లు చెప్పిందే నమ్మాల్సిన పరిస్థితి.

వుల్వ్స్_1877
దూరం కారణమైతే లెస్టర్ సంగతేంటి అన్నా? థాయ్‌లాండ్ యజమానులు, కొన్నది అదే 2010లో. ఇదే 2012-13 సీజన్‌లో ఆరో స్థానం, 2016లో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్లు. వాళ్ళకీ అది కొత్త దేశమే.

మా వుల్వ్స్ జట్టు గురించి కూడా చెప్పాలి. 2012లో బ్లాక్‌బర్న్‌తో పాటే మేమూ, బోల్టన్ కూడా దిగాం. బోల్టన్ 68 పాయింట్లతో గోల్ తేడాలో ప్లేఆఫ్ పోగొట్టుకుంది. మేము సోల్‌బాకెన్‌ని తెచ్చి జనవరిలో తీసేసి, డీన్ సాండర్స్‌ని పెట్టి, చివరి రోజు బ్రైటన్‌లో ఓడి 51 పాయింట్లతో మూడో డివిజన్‌కి పడిపోయాం. బ్లాక్‌బర్న్ కంటే ఘోరం. కానీ ఆ తర్వాత కెన్నీ జాకెట్‌కి జట్టు అప్పగించి వదిలేశారు. ఒక్క ఏడాదిలో 103 పాయింట్లతో పైకి వచ్చాం. 2018కి ప్రీమియర్ లీగ్‌లో ఉన్నాం, అప్పటికి యజమానులు షాంఘై వాళ్ళు. దూరమూ కాదు, దిగిపోవడమూ కాదు.

సైడ్‌లైన్
అదే బోల్టన్ 2019లో దివాలా తీసి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. పక్కనే ఉన్న బరీ అదే ఏడాది లీగ్ నుంచే బహిష్కరణ పాలైంది. వెంకీస్ వాళ్ళు అన్నేళ్ళూ నష్టాలు భరించారు. అది కూడా లెక్కలోకి రావాలి.

లెక్కలు_ముఖ్యం
రావాలి. క్లబ్‌ని బతికించినందుకు వాళ్ళకి గౌరవం ఇవ్వాల్సిందే. అయితే మనం చర్చిస్తున్నది ఆ ఒక్క సీజన్. బతికించడం వేరు, నడపడం వేరు. పైగా ఆ నష్టాల్లో కొంత భాగం వాళ్ళు తొలగించిన మేనేజర్లకి కట్టిన పరిహారమే.

ఆపిల్టన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. జనవరి 11న వచ్చాడు. ఫిబ్రవరి 16న ఎఫ్.ఏ. కప్‌లో ఆర్సెనల్‌ని వాళ్ళ మైదానంలోనే 1-0తో ఓడించాడు, కాజిమ్ రిచర్డ్స్ గోల్. క్వార్టర్ ఫైనల్‌లో మిల్‌వాల్‌తో డ్రా, రీప్లేలో ఓటమి. మార్చి 19న తొలగింపు. 67 రోజులు. ఒక మేనేజర్ తన పద్ధతిలో ఆటగాళ్ళకి ప్రాక్టీస్ చేయించడానికి కూడా ఆ రోజులు సరిపోవు.

ప్రెస్టన్‌లో_తెలుగు
ఆ తొలగింపుకి రెండు రోజుల ముందు, మార్చి 17న, బర్న్‌లీతో డెర్బీ. ఆ రెండు ఊళ్ళ మధ్య పోటీ ఎలాంటిదో ఇక్కడ ఉంటేగానీ అర్థం కాదు. 1979 తర్వాత అప్పటిదాకా బర్న్‌లీ చేతిలో బ్లాక్‌బర్న్ ఓడలేదు. ఆ రోజు 1-0తో వెనకబడి, చివర్లో కలిపిన నిమిషాలు కూడా దాదాపు అయిపోయాక, డేవిడ్ డన్ సమం చేశాడు. డన్ అదే ప్రాంతంలో పుట్టి క్లబ్ అకాడమీలో పెరిగినవాడు. ఈవుడ్ పార్క్‌లో అలాంటి అరుపు ఆ సీజన్‌లో ఇంకెప్పుడూ వినలేదు. అప్పుడు టెన్షన్‌తో బిగుసుకుపోయి కూర్చున్న ముసలాయన నా పక్కనే ఉన్నాడు, లేచి నా భుజం పట్టుకుని ఏడ్చేశాడు. అంత ఊపు వచ్చిన జట్టు మేనేజర్‌ని మంగళవారానికి తీసేశారు. అభిమానులు ఈ క్లబ్‌ని ఎంత ప్రాణంగా చూసుకుంటారో తెలిసిన మనిషి ఒక్కడైనా ఆ నిర్ణయం తీసుకునేచోట ఉన్నాడా అని నాకు ఇప్పటికీ బాధ.

కోళ్ళఫారం_తణుకు
ఒక్కటి అడుగుతాను. పద్ధతి ప్రకారం నడిపి ఉంటే ఆ సీజన్‌లోనే పైకి వచ్చేవాళ్ళని మీ నమ్మకమా? ఎన్జోంజీ స్టోక్‌కి పోయాడు, యాకుబు చైనాకి, హాయిలెట్ క్యూపీఆర్‌కి. జట్టు వెన్నెముకే పోయింది. జట్టు చేసిన గోల్స్‌లో దాదాపు సగం ఒక్క రోడ్స్ కొట్టాడంటే మిగతావాళ్ళ సంగతి అర్థమవుతోంది కదా.

నీలంతెలుపు
పైకి వచ్చేవాళ్ళని గ్యారంటీగా చెప్పను. ప్లేఆఫ్ పోటీలో ఉండేవాళ్ళని చెప్తాను. దానికి ఆధారం వేరే ఎక్కడో వెతకక్కర్లేదు, గ్యారీ బౌయరే. అతను రిజర్వ్ జట్టు కోచ్, కొత్తగా ఆటగాళ్ళని కొన్నది లేదు, పేరు లేదు. డిసెంబర్ చివర్లో బెర్గ్ పోయాక తాత్కాలికంగా కూర్చోబెడితే జట్టు మళ్ళీ గెలవడం మొదలుపెట్టింది. రెండు వారాలకే పక్కన పెట్టి ఆపిల్టన్‌ని తెచ్చారు. మార్చిలో మళ్ళీ అతన్నే పిలిస్తే జట్టును డివిజన్‌లో నిలబెట్టాడు. చివరికి ఉద్యోగం ఖాయం చేసి, సీజన్ మొత్తం వదిలేశారు. 2013-14లో 70 పాయింట్లు, ఎనిమిదో స్థానం, ప్లేఆఫ్‌కి రెండు పాయింట్ల దూరం. అదే యజమానులు, అదే పుణె, అదే రోడ్స్. మారింది ఒక్కటే: ఒక మనిషిని పని చేసుకోనిచ్చారు. పన్నెండు పాయింట్లు పెరిగాయి.

కోళ్ళఫారం_తణుకు
బౌయర్‌ని నమ్మింది కూడా ఆ యజమానులే కదా. ఆ మార్కు కూడా వాళ్ళ ఖాతాలోనే వేయండి.

నీలంతెలుపు
వేస్తాను. 2013 మేలో చేసిన పనికి వేస్తాను. అదే పని జనవరి 11న చేసి ఉండాల్సింది.