పోకో ఎఫ్1కి కస్టమ్ కెర్నల్ వేస్తే బ్యాటరీ, స్పీడు నిజంగా మెరుగవుతాయా?

పాతఫోన్_పదిలం

అందరికీ నమస్కారం. పోకో ఎఫ్1, 6 జీబీ ర్యామ్. బూట్‌లోడర్ (ఫోన్‌ని మొదట లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ అయ్యి ఉంది, కంపెనీ ఓఎస్ బదులు లినేజ్ ఓఎస్ వేశా, మ్యాజిస్క్ టూల్‌తో రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం) ఉంది. రాత్రి పదకొండుకి పక్కన పెడితే పొద్దున ఏడుకల్లా 14 శాతం దిగిపోతోంది. వాట్సాప్‌లోంచి కెమెరా తెరిస్తే ఒక క్షణం బిగుసుకుపోయి అప్పుడు తెరుచుకుంటోంది. ఏ గ్రూపులో అడిగినా "కెర్నల్ మార్చు, సెట్ అయిపోద్ది" అంటున్నారు. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే ఓఎస్ లోపలి భాగం అని తెలుసు, ఏ కెర్నల్ అని కాదు నా ప్రశ్న. అసలు మారిస్తే ఏం మారుతుంది, ఎలా వెయ్యాలి, తేడా కొడితే వెనక్కి ఎలా రావాలి? ఇంకోటి, మా తమ్ముడి కొత్త ఫోన్లో కెర్నల్ వెర్షన్ 5.10 అని, పక్కన ఆండ్రాయిడ్12 అని చూపిస్తోంది. దానికీ ఇదే పద్ధతా?

సున్నా_వోల్ట్

వెయ్యడం పది నిమిషాల పని. దానికి ముందు మూడు లెక్కలు తీసి ఇక్కడ పెట్టండి. అవి లేకుండా కెర్నల్ మారిస్తే బాగుపడిందో లేదో మీకే తెలీదు.

మొదటిది బ్యాటరీలో మిగిలిన సత్తా. టెర్మినల్లో రూట్ తీసుకుని సిస్ కింద క్లాస్, అందులో పవర్ సప్లై ఫోల్డర్ తెరవండి. బీఎంఎస్ (బ్యాటరీ లెక్క చూసే భాగం) ఫోల్డర్లో గానీ బ్యాటరీ ఫోల్డర్లో గానీ "చార్జ్ ఫుల్" అనే ఫైలు ఉంటుంది. దాన్ని క్యాట్ (ఫైలు చూపించే కమాండ్) కొడితే వచ్చే అంకె మైక్రో ఆంపియర్ అవర్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే ఎంఏహెచ్. పక్కనే ఉండే "చార్జ్ ఫుల్ డిజైన్" మీ ఫోన్‌కి 40,00,000 దగ్గర చూపించాలి. (కమాండ్లు, పాత్‌లు తెలుగులో చెబుతున్నా గానీ టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి సుమా.)

రెండోది రాత్రి ఫోన్ నిద్రపోతోందా లేదా అన్నది. డీబగ్ఎఫ్ఎస్‌లో (కెర్నల్ లోపలి లెక్కలు చూపించే ఫోల్డర్) "వేకప్ సోర్సెస్" అని ఒక పట్టిక ఉంటుంది. అందులో చివరి గడి "ప్రివెంట్ సస్పెండ్ టైమ్", అంటే ఆ పేరున్నది ఫోన్‌ని ఎన్ని మిల్లీసెకన్లు నిద్రపోనివ్వలేదో అది. బూట్ అయిన దగ్గర్నుంచి కూడుతూ పోయే లెక్క కాబట్టి పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి తీసి తేడా చూడాలి. ఎనిమిది గంటలంటే 2,88,00,000 మిల్లీసెకన్లు, దాంతో పోల్చుకోండి.

మూడోది సీపీయూ ఏ మెట్టు మీద ఎంతసేపు ఉందో. సీపీయూ ఫ్రీక్ కింద పాలసీ0 అంటే నాలుగు చిన్న కోర్లు, పాలసీ4 అంటే నాలుగు పెద్దవి. రెండిట్లోనూ స్టాట్స్‌లో "టైమ్ ఇన్ స్టేట్" ఉంటుంది. ఎడమ పక్క ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో, కుడి పక్క సమయం. ఆ సమయంలో ఒక్కో అంకె 10 మిల్లీసెకన్లు.

కెర్నల్ ఏం మార్చగలదో కూడా చెప్పేస్తా. షెడ్యూలర్ (ఏ పని ఏ కోర్‌కో పంచేది), గవర్నర్ (సీపీయూ వేగం ఎంచేది) తీరు, జీర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి దాచడం), వైఫై లాంటి డ్రైవర్లు దాని చేతిలో ఉంటాయి. మోడెమ్ (సిమ్ సిగ్నల్ చూసే భాగం) దాని చేతిలో లేదు. ఇంట్లో సిగ్నల్ ఒక గీత మీద ఊగుతుంటే ఏ కెర్నల్ వేసినా కారుతుంది. ఇక "అండర్‌వోల్ట్ ఉంది" అని (అంటే సీపీయూకి వోల్టేజీ తగ్గించి బ్యాటరీ మిగల్చొచ్చని) ఊరించే పోస్టులు: స్నాప్‌డ్రాగన్ 845లో సీపీయూ ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ పట్టికని ఫర్మ్‌వేరే నింపుతుంది, కెర్నల్ దాన్ని చదువుకుంటుందంతే. 2014 నాటి ఫోన్ల మాటలు పట్టుకొచ్చి ఇప్పటికీ చెబుతుంటారు.

రాత్రి_ఫ్లాషర్

అన్న చెప్పిన లెక్కలు తీస్తూనే ఉండండి. వేసే పద్ధతి నేను రాస్తా, ఎప్పటికైనా పనికొస్తుంది.

ముందు మీ రామ్‌కి (ర్యామ్ కాదు, లినేజ్ లాంటి ఓఎస్ ప్యాకేజీ), ఆండ్రాయిడ్ వెర్షన్‌కి సరిపోయే జిప్పే ఎంచుకోండి. ఎంఐయూఐకి (షావోమి సొంత ఓఎస్) చేసిన కెర్నల్ లినేజ్ మీద వేస్తే బూట్ అయినా కెమెరానో వేలిముద్రో చచ్చిపోతుంది, ఎందుకంటే పైన ఉండే వెండర్ ఫైళ్ళు వేరే డ్రైవర్ని ఆశిస్తాయి. పైగా ఎఫ్1లో డిస్‌ప్లే ప్యానెల్ రెండు రకాలు, టియాన్మా ఒకటి, ఈబీబీజీ ఒకటి. చేంజ్‌లాగ్‌లో టచ్ గురించి ఏమన్నా రాసుంటే మీది ఏ ప్యానెలో చూసుకోండి.

తర్వాత బ్యాకప్. టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీలో బూట్ (కెర్నల్ ఉండేది), ఈఎఫ్ఎస్ (ఐఎంఈఐ లాంటివి), పర్సిస్ట్ (సెన్సార్ సెట్టింగులు) టిక్ పెట్టి తీసి కంప్యూటర్‌లోకి కాపీ చెయ్యండి. ఫోన్లోనే ఉంచిన బ్యాకప్ ఆపదలో అందదు. మీరు వాడుతున్న లినేజ్ బిల్డ్ తాలూకు బూట్ ఇమేజ్ కూడా విడిగా దించి పెట్టుకోండి.

కెర్నల్ జిప్పులు ఎక్కువ భాగం ఎనీకెర్నల్3 పద్ధతిలో వస్తాయి. అది మీ ఫోన్లో ఉన్న బూట్ ఇమేజ్‌ని విప్పి, కెర్నల్ ఒక్కదాన్నే మార్చి, ర్యామ్‌డిస్క్‌ని (బూట్‌లో మొదట నడిచే ఫైళ్ళు) అలాగే ఉంచి మళ్ళీ కడుతుంది. అందుకే మ్యాజిస్క్ పోదు, డేటా తుడవక్కర్లేదు. రికవరీలో ఇన్‌స్టాల్ నొక్కడమో కంప్యూటర్ నుంచి ఏడీబీ సైడ్‌లోడో, రీబూట్, అంతే. ఒక కస్టమ్ కెర్నల్ మీద ఇంకోటి వేసేటప్పుడు మాత్రం మధ్యలో రామ్ అసలు బూట్ ఇమేజ్ ఒకసారి వెయ్యండి. ముందుది ర్యామ్‌డిస్క్‌లో పెట్టిపోయిన స్క్రిప్టులు కొత్తదాని సెట్టింగుల్ని తొక్కేస్తాయి. అలా అసలు బూట్ వేసినప్పుడు రూట్ పోతుంది, మ్యాజిస్క్ మళ్ళీ వేసుకోవాలి. రామ్ అప్‌డేట్ వచ్చినప్పుడు కూడా బూట్ పార్టిషన్ కొత్తగా రాస్తుంది కాబట్టి కస్టమ్ కెర్నల్ ఎగిరిపోతుంది. "వారం తర్వాత మళ్ళీ పాత కథే" అనేవాళ్ళలో సగం మంది ఇది గమనించని వాళ్ళే.

తేడా కొట్టినప్పుడు:

లోగో దగ్గర ఆగిపోయినా, తిరిగి తిరిగి రీస్టార్ట్ అవుతున్నా కంగారు పడొద్దు, డేటా ఎక్కడికీ పోలేదు. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్ వస్తుంది. ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి అక్కడ్నుంచి "ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్" అని పాత ఇమేజ్ పేరిస్తే ఒక్క నిమిషంలో వెనక్కి వస్తారు.

వైఫై ఆన్ అవ్వకపోతే అది మాడ్యూల్ గొడవ. వెండర్‌లో ఉన్న వైఫై మాడ్యూల్ పాత కెర్నల్‌తో కట్టింది, కొత్త కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) "వెర్మ్యాజిక్" అనో "సింబల్ వెర్షన్" అనో ఒక లైను కనిపిస్తుంది. వైఫైని కెర్నల్లోనే కలిపి కట్టినదో, మాడ్యూళ్ళు కూడా జిప్పులో ఇచ్చినదో తీసుకోవాలి.

మామూలుగా నడుస్తూ ఉన్నట్టుండి రీబూట్ అవుతుంటే పీస్టోర్ ఫోల్డర్లో "కన్సోల్ ర్యామూప్స్" ఫైలు తియ్యండి. ముందుసారి చచ్చిపోయే ముందు కెర్నల్ చెప్పిన చివరి మాటలు అందులో ఉంటాయి. ర్యామ్‌లో దాచే లాగ్ కాబట్టి స్విచాఫ్ చేసి ఆన్ చేస్తే పోతుంది, తనంతట తాను రీస్టార్ట్ అయిన వెంటనే తియ్యాలి.

కెర్నల్ మేనేజర్ యాప్ ఒక్కటే ఉంచుకోండి. "అప్లై ఆన్ బూట్" రెండు రోజులు నిలకడగా నడిచాకే పెట్టండి. తప్పు విలువ బూట్‌లోనే పడితే ఫోన్ తెరుచుకునే లోపే మళ్ళీ పడిపోతుంది. అలా ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ యాప్‌ని తీసెయ్యాలి.

పాతఫోన్_పదిలం

ధన్యవాదాలు అన్నలూ. నిన్న రాత్రి లెక్కలు తీశా.

చార్జ్ ఫుల్: 28,40,000. డిజైన్ 40,00,000 చూపిస్తోంది.

వేకప్ సోర్సెస్‌లో రాత్రి తేడా: క్యూకామ్ ఆర్ఎక్స్ వేక్‌లాక్ 94,12,000. పవర్ మేనేజర్ సర్వీస్ వేక్‌లాక్స్ 11,05,000. మిగతావన్నీ చిన్నవి.

పాలసీ4లో ఎక్కువ సమయం కింది మెట్టు 8,25,600 దగ్గరే ఉంది. వైఫై, సిమ్ రెండూ ఆన్‌లోనే ఉన్నాయి.

సున్నా_వోల్ట్

ఈ అంకెలు చూశాక కెర్నల్ మాట పక్కన పెట్టొచ్చు.

2840 అంటే డిజైన్‌లో 71 శాతం. మీరు చెప్పే 14 శాతం ఈ తగ్గిన బ్యాటరీలో 14 శాతం, అంటే దాదాపు 398 ఎంఏహెచ్. ఎనిమిది గంటలతో భాగిస్తే సగటున 50 మిల్లీ ఆంపియర్లు. సిమ్, వైఫై ఆన్‌లో ఉండి 15 నుంచి 25 మధ్య ఉంటే ఈ ఫోన్ బాగా నిద్రపోతున్నట్టు. మీది రెట్టింపు పైనే ఉంది.

ఎవరు లేపుతున్నారో పట్టికే చెబుతోంది. క్యూకామ్ ఆర్ఎక్స్ వేక్‌లాక్ వైఫై డ్రైవర్ది. బయట్నుంచి ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ అది ఫోన్‌ని కాసేపు మేలుకొలిపి ఉంచుతుంది. 94,12,000 అంటే రెండు గంటల ముప్పై ఏడు నిమిషాలు. పవర్ మేనేజర్ పేరున్నది యాప్‌ల పద్దు, అది పద్దెనిమిది నిమిషాలే, దాంతో పేచీ లేదు. అదే పైన ఉండుంటే ఏదో యాప్‌ని పట్టుకోవాల్సి వచ్చేది, అప్పుడూ కెర్నల్‌తో పని ఉండేది కాదు.

చాలా కస్టమ్ కెర్నల్స్‌లో బోఎఫ్లా వేక్‌లాక్ బ్లాకర్ ఉంటుంది. జాబితాలో ఈ పేరు చేర్చగానే డ్రెయిన్ తగ్గినట్టు కనిపిస్తుంది. గ్రూపుల్లో "సెట్ అయిపోద్ది" అనేది దీన్ని చూసే. కానీ ప్యాకెట్ వచ్చినా ఫోన్ లేవదు కాబట్టి వాట్సాప్ మెసేజీలు ఆలస్యంగా వస్తాయి, వైఫై కాల్ మోగకపోవచ్చు. తలుపు కొట్టేవాణ్ణి ఆపకుండా మనం చెవుల్లో దూది పెట్టుకున్నట్టు.

కొట్టేది ఎవరో చూడండి. ఈ రాత్రి వైఫై ఆపి పడుకోండి. తగ్గితే రేపు వైఫై ఆన్ చేసి, ఇంట్లో స్మార్ట్ టీవీ, కాస్టింగ్ డాంగిల్, స్మార్ట్ బల్బులు ప్లగ్ పీకి చూడండి. అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి వెళ్ళే) ప్యాకెట్లు వదులుతూనే ఉంటాయి. రౌటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఆ ప్యాకెట్లు అడిగినవాళ్ళకే పంపేది) ఆన్ చెయ్యండి, డీటీఐఎం (అవి ఎంత తరచుగా పంపాలో చెప్పే అంకె) 1 ఉంటే 3 చెయ్యండి, గ్రూప్ కీ రెన్యువల్ (వైఫై ఉమ్మడి తాళం మార్చే గడువు) మరీ తక్కువగా ఉంటే 3600 సెకన్లు పెట్టండి. గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే టీవీని అటు తోసేస్తే ఇంకా సుఖం, కాకపోతే ఫోన్ నుంచి కాస్ట్ చెయ్యడం కుదరదు.

కెమెరా బిగుసుకుపోవడం నా అంచనాలో బ్యాటరీ ముసలితనమే. పాత సెల్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ కుంగుతుంది. అప్పుడు క్వాల్‌కామ్ బీసీఎల్, అంటే బ్యాటరీ కరెంట్ లిమిట్ చూసే భాగం, ఫోన్ ఆగిపోకుండా పెద్ద కోర్ల పగ్గాలు లాగుతుంది. మీకు కనిపించే తడబాటు అదే అయ్యుండాలి. 90 శాతం చార్జ్‌లో బాగుండి 30 కింద ఎక్కువైతే ఖాయం చేసుకోవచ్చు. కొన్ని "పెర్ఫార్మెన్స్" కెర్నల్స్‌లో ఈ బీసీఎల్‌ని తీసేస్తారు. తడబాటు పోతుంది, దాని బదులు 25 శాతం దగ్గర ఫోన్ టక్కున ఆరిపోతుంది.

పాతఫోన్_పదిలం

వైఫై ఆపితే రాత్రికి 5 శాతమే పోయింది! టీవీ ప్లగ్ పీకి వైఫై ఆన్‌లో ఉంచితే 6. కెమెరా సంగతీ మీరన్నట్టే, ఫుల్ చార్జ్‌లో అసలు తడబాటు లేదు. బ్యాటరీ మారిస్తే ఏది తీసుకోవాలి?

రాత్రి_ఫ్లాషర్

మోడల్ బీఎం4ఈ. హైదరాబాద్‌లో అయితే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో వెతకండి, కానీ "ఒరిజినల్" అన్న స్టిక్కర్‌ని నమ్మొద్దు. వేశాక రెండు మూడుసార్లు పూర్తిగా చార్జ్ చేసి, చార్జ్ ఫుల్ అంకె మళ్ళీ చూడండి. గేజ్ కొత్త సెల్‌ని నేర్చుకోవడానికి కాస్త టైము పడుతుంది. వెనక మూత తీసేవాడికి ఒకటి ముందే చెప్పండి: వేలిముద్ర సెన్సార్ మూతకే ఉంది, సన్నటి ఫ్లెక్స్ బోర్డుకి వెళుతుంది. విసురుగా లాగితే తెగుతుంది.

ఇంకా మిగిలే బ్యాటరీ కావాలంటే రూట్ ఉంది కదా, ఉన్న కెర్నల్‌తోనే పాలసీ4 "స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్"ని 28,03,200 నుంచి 22,46,400కి దించి చూడండి. పై మెట్లలో వోల్టేజీ బాగా పెరుగుతుంది, ఖర్చు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, వచ్చే వేగం కొంచెమే. రోజువారీ వాడకంలో తేడా పట్టుకోవడం కష్టం, పెద్ద గేముల్లో మాత్రం తెలుస్తుంది. థర్మల్‌ని (ఫోన్ మరీ వేడెక్కకుండా చూసేది) ఆపే స్క్రిప్టుల జోలికి పోవద్దు.

ఏలూరు_రూట్

తమ్ముడి ఫోన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తా. అది జీకేఐ (జెనరిక్ కెర్నల్ ఇమేజ్) ఫోన్. కెర్నల్ అసలు భాగం గూగుల్ ఉమ్మడిగా ఇచ్చేది, ఆ ఫోన్‌కి ప్రత్యేకమైన డ్రైవర్లు వెండర్ మాడ్యూళ్ళలో విడిగా ఉంటాయి. 5.10 పక్కన ఉన్న "ఆండ్రాయిడ్12" ఆ ఫోన్లో నడిచే ఆండ్రాయిడ్ వెర్షన్ కాదు, మాడ్యూళ్ళతో మాట్లాడే ఒప్పందం పేరు. ఫోన్ ఆండ్రాయిడ్ 14కి వెళ్ళినా అది ఆండ్రాయిడ్12 అనే ఉండొచ్చు. వేసే ఇమేజ్ కూడా ఆండ్రాయిడ్12-5.10 అయ్యుండాలి. ఆండ్రాయిడ్13-5.10 వేస్తే అంకె ఒకటే కదా అని సర్దుకుపోదు, మాడ్యూళ్ళు ఎక్కవు.

ఇంకో రెండు ఉచ్చులు. బూట్ ఇమేజ్‌లో కెర్నల్‌ని జీజిప్‌లోనో, ఎల్‌జెడ్4లోనో, అసలు కుదించకుండానో పెడతారు. ఆ ఫోన్‌కి వచ్చిన ఇమేజ్ ఎలా ఉందో అలాగే ఉండాలి, లేకపోతే బూట్ కాదు. రెండోది, స్లాట్‌లు (ఓఎస్ పెట్టుకునే గదులు) రెండుంటాయి. కొత్తది కొన్నిసార్లు ప్రయత్నించి బూట్ కాకపోతే ఫోన్ తనంతట తాను రెండో స్లాట్‌కి దూకొచ్చు, అక్కడ పాత అప్‌డేట్ ఉంటుంది. "ఏం వేశానో, ఏం నడుస్తోందో" అని తల పట్టుకునేది ఇక్కడే. వేసే ముందు ఏ స్లాట్ నడుస్తోందో రాసిపెట్టుకోమనండి. చాలా ఫోన్లలో "ఫాస్ట్‌బూట్ బూట్" అని ఇమేజ్ పేరిస్తే ఏమీ రాయకుండా ఒక్కసారికి నడిపి చూడొచ్చు, ముందు అలా చూడమనండి.

బూట్‌లోడర్ ఇంకా లాక్‌లోనే ఉంటే మాత్రం రెండుసార్లు ఆలోచించమనండి. అన్‌లాక్ చేస్తే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఆ తర్వాత గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్‌ని మార్చారా అని చూసే) పరీక్షలో ఫోన్ తప్పుతుంది కాబట్టి బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొరాయించొచ్చు. కొత్త ఫోన్‌కి అంత అవసరం ఏమొచ్చిందో అడగండి. ముందు తనని కూడా ఒక రాత్రి టీవీ ప్లగ్ పీకి పడుకోమనండి :)