‘గురుస్తథా’నా, ‘గురుం వ్రజేత్’ అనా?

చీపురుపల్లి చిన్నోడు: తాత చదివే శ్లోకం ఒకటి బుర్ర తినేస్తోంది. ‘రాజా రాష్ట్రకృతం పాపం, రాజ్ఞః పాపం పురోహితః, భర్తా చ స్త్రీకృతం పాపం, శిష్యపాపం...’ ఆ తర్వాత ‘గురుస్తథా’నా, ‘గురుం వ్రజేత్’ అనా? ప్రజల పాపం రాజుకి, రాజు పాపం పురోహితుడికి, భార్య పాపం భర్తకి, శిష్యుడి పాపం గురువుకి చుట్టుకుంటుందనేగా భావం.

రాజాం మాస్టారు: గురుస్తథా. రాజు, పురోహితుడు, భర్త అందరూ ప్రథమా విభక్తిలో ఉంటే గురువొక్కడూ ద్వితీయలోకి ఎందుకు దిగుతాడు బాబూ?

నాగావళి ఒడ్డు: మా వైపు వ్రజేత్ అనే చదువుతారు. మొదలే ‘రాజానం రాష్ట్రకృతం’ అని ఉండాలి మాస్టారూ.

రాజాం మాస్టారు: వేళ్ళ మీద లెక్కపెట్టండి. రా-జా-నం-రా-ష్ట్ర-కృ-తం-పా-పం. తొమ్మిది వచ్చాయి. అనుష్టుప్పులో పాదానికి ఎనిమిదే.

నాగావళి ఒడ్డు: ‘రాష్ట్రజం’ అనండి, ఎనిమిదికి దిగుతుంది.

రాజాం మాస్టారు: అలా సర్దుకుంటూ పోతే నేనూ కవినే.

బొబ్బిలి వకీలు: లెక్క మీరు తేల్చుకోండి గానీ, అర్థంలో తేడా పెద్దదే. ‘వ్రజేత్’ అంటే పాపం గురువు దగ్గరికి పోయింది, శిష్యుడు చేతులు దులుపుకున్నాడు. ‘తథా’ అంటే గురువూ అనుభవిస్తాడనే, శిష్యుణ్ణి వదిలేశారని కాదు. టార్టు చట్టం, అంటే ఒకడి తప్పు వల్ల ఇంకొకడికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం, ఈ రెండో పాఠం వైపే ఉంది. పలాస నుంచి జీడిపప్పు లోడుతో వస్తున్న లారీ సైకిల్‌ని గుద్దిందనుకోండి, తప్పు డ్రైవరుదైతే డ్రైవరూ ఓనరూ ఇద్దరూ బాధ్యులే. డబ్బున్నది ఓనరు దగ్గర కాబట్టి దెబ్బ తిన్నవాడు ఆయన్నే పట్టుకుంటాడు.

చీపురుపల్లి చిన్నోడు: లోడు మధ్యలో వదిలేసి టెక్కలిలో మరదలి పెళ్ళికి పోతూ గుద్దితే?

బొబ్బిలి వకీలు: పేచీ అంతా అక్కడే. 1834లో ఇంగ్లండులో జోయెల్ వర్సెస్ మారిసన్ కేసు, గుర్రబ్బండి గొడవ. యజమాని పని మీద పోతూ కాస్త దారి మళ్ళినా బాధ్యత యజమానిదే, పూర్తిగా సొంత షికారుకి పోతే కాదు అన్నారు. ఆ ‘కాస్త’ ఎంత అనేదాని మీదే మా ప్లీడర్ల బతుకు. ఇక ‘రాజా’ పాదానికి 1962 నాటి విద్యావతి కేసు చూడండి. కలెక్టరు వాడే జీపుని రిపేరు చేయించి తెస్తూ డ్రైవరు ఒకాయన్ని గుద్దాడు, రాజస్థాన్ ప్రభుత్వమే కట్టాలంది సుప్రీంకోర్టు. ఆ తర్వాత కస్తూరిలాల్ కేసులో పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుపోతే మాత్రం సర్కారుకి సంబంధం లేదంది! నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

నాగావళి ఒడ్డు: ‘భర్తా చ’ సంగతో?

బొబ్బిలి వకీలు: నవ్వకండి, ఇంగ్లండులో 1935 దాకా భార్య చేసిన టార్టుకి మొగుణ్ణి కూడా కోర్టుకి లాగేవారు.

ఆమదాలవలస అక్క: శిష్యపాపం అనగానే నాకు ‘కన్యాశుల్కం’లో బొంకులదిబ్బ మీద గిరీశం, వెంకటేశం కళ్ళకి కట్టారు. ఆ కుర్రాడు నేర్చుకున్నది చుట్ట కాల్చడం. ఆ పాపం ఎవరి ఖాతాలో రాస్తారు వకీలుగారూ?

బొబ్బిలి వకీలు: గురువు యజమాని కాడు కదా అక్కా. చేసే పని మీద అజమాయిషీ ఉండాలి, అది యజమాని పనే అయ్యుండాలి. అయినా గిరీశం విషయంలో పరాయి తప్పు మొయ్యడం ఎక్కడిది, సొంత తప్పే బోలెడు.

రాజాం మాస్టారు: అక్కగారు చదివింది 1897 కూర్పా, 1909దా? మొదటిది చదవకుండా గిరీశం మీద తీర్పులు ఇవ్వకూడదు.

ఆమదాలవలస అక్క: రెండూ ఉన్నాయి మాస్టారూ, పక్కపక్కనే. మీ దగ్గర 1897 ఉంటే ఏ పేజీయో చెప్పండి, తీసి చూస్తాను.

రాజాం మాస్టారు: దానికి వేరే పోస్టు పెడతాను.

నాగావళి ఒడ్డు: పెట్టండి. నేను మాత్రం వ్రజేత్ మీదే ఉన్నాను.