డ్రైనేజీ, వెంట్ పైపుల ప్రెజర్ టెస్ట్: మూతలు ఎలా బిగించాలి?
గోడలు మూసేలోపు డ్రైనేజీ పైపులకు, వాటికి గాలి ఆడేలా పెట్టే వెంట్ పైపులకు లీకేజీ టెస్ట్ పెట్టి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. అంతా పీవీసీయే. నీళ్లతో అయితే 10 అడుగుల ఎత్తుకు నింపి 15 నిమిషాలు ఉంచమన్నారు, అంటే అడుగున ఒత్తిడి దాదాపు 4.3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). గాలితోనూ చేయొచ్చంటున్నారు గానీ, పీవీసీ పగిలితే ముక్కలు ఎగురుతాయని తయారీదార్లే వద్దంటారు. నాకైతే నీళ్లే నయం, కారితే కంటికి కనిపిస్తుంది.

చిక్కల్లా మూతల దగ్గరే. సింకు, షవర్ పైపులకు క్యాప్ అతికించి తర్వాత కోసేస్తాను. మరి కమోడ్ ఫ్లాంజ్‌కి (కమోడ్‌ని నేలలోని పైపుకి బిగించే రింగు), బయటి మురుగు లైన్‌లో కలిసే చోట ఏం పెడతారు? గాలి నింపే రబ్బరు ప్లగ్గా, మర బిగించేదా? టెస్ట్ అయ్యాక ఆ కింది ప్లగ్ తీస్తే నీళ్లన్నీ మీద పడవా? సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ అతికించే జిగురు) పూసిన జాయింట్లను ఎంతసేపు ఆరనిచ్చి నింపాలి? చేసినవాళ్లు కాస్త చెప్పండి.