స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చారు, లిబరలైజ్డ్ రావాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి?

రాజోలు_లంక:
మా రాజోలు వైపు కుటుంబం అండి. మద్రాస్ రెజిమెంట్లో నాయక్ హోదా సైనికుడు ఒకాయన నియంత్రణ రేఖ దగ్గర ఆపరేషన్ డ్యూటీలో, మంచులో పెట్రోలింగ్ చేస్తూ గుండెపోటుతో పోయారు. భార్యకి పెన్షన్ మొదలైంది గానీ పీపీవోలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 22,500 అని ఉంది. సరిహద్దులో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అని పూర్తి జీతం వస్తుందంటారు కదా? అమలాపురం కలెక్టరేట్లో సోమవారం అర్జీ ఇచ్చారు, ఎంపీ గారికిచ్చారు, ఢిల్లీ పోర్టల్లోనూ పెట్టారు. అందరిదీ ఒకటే జవాబు, సంబంధిత శాఖకి పంపామని. అసలు రాయాల్సింది ఎవరికి?

కోరంగి_మడ:
ముందు లెక్క చూడండి. మూలవేతనం 32,300, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) 5,200, మొత్తం 37,500. అందులో 60 శాతం 22,500. ఆయన చివరి జీతం ఇదే అయితే స్పెషల్ లెక్క సరిగానే కట్టారు. లిబరలైజ్డ్‌కి 37,500 మొత్తం వస్తుంది. అంటే నెలకి 15,000 తేడా, దానిమీద డీఆర్ (కరువు భృతి) వేరే.

అర్జీలన్నీ తిరిగొస్తున్నది ఎందుకంటే, వాటిలో "పెన్షన్ పెంచండి" అని రాసుంటారు. సైనిక పెన్షన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్ ఆఫీసు తనకి తాను పెంచలేదు, కలెక్టరు గారికి ఇది సంబంధమే లేదు. రక్షణ శాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తర్వులో మరణాలకి ఏ (A) నుంచి ఈ (E) దాకా ఐదు కేటగిరీలున్నాయి. సర్వీసుతో సంబంధం లేనిది ఏ, దానికి మామూలు ఫ్యామిలీ పెన్షన్. సర్వీసు వల్ల వచ్చిన జబ్బు బీ, డ్యూటీలో ప్రమాదం సీ, ఈ రెంటికీ స్పెషల్. తీవ్రవాదుల దాడి డీ. శత్రుచర్య, సరిహద్దు ఘర్షణ, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ఆపరేషన్లు ఈ. డీ, ఈ కేటగిరీలకే లిబరలైజ్డ్. మీవాళ్ళ కాగితంలో "ఫిజికల్ క్యాజువాల్టీ" (పోరుతో సంబంధం లేని మరణం) అని ఉండుంటుంది. దాన్ని "బ్యాటిల్ క్యాజువాల్టీ"గా (పోరు లేదా ఆపరేషన్ మరణం) మార్చమని అడగాలి. అది మారితే లిబరలైజ్డ్ అడగడానికి ఆధారం దొరుకుతుంది.

సైనికుల సర్వీసు కాగితాలు చూసే మద్రాస్ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ఉంది. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా అక్కడికే పంపండి. (ఆర్టిలరీ వాళ్ళకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, ఆర్మీ యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్.) దానికంటే ముందు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో అదే ఆఫీసుకి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. మరణం రోజున యూనిట్ పంపిన క్యాజువాల్టీ సిగ్నల్ (మరణ సమాచార సందేశం), కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఆర్మీ అంతర్గత విచారణ) నిర్ణయం, పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు రికార్డులో నమోదు చేసే ఉత్తర్వు), ఈ మూడూ అడగండి. సిగ్నల్లో బ్యాటిల్ అని ఉండి తర్వాతి కాగితంలో ఫిజికల్ అయితే, ఎవరు మార్చారు, ఏ ఆధారంతో అన్నదే మీ అర్జీలో మొదటి పేరా. ఎంక్వైరీ మొత్తం ఇవ్వం, భద్రతా కారణాలు అంటే, నిర్ణయం ఉన్న చివరి పేజీ వరకైనా ఇమ్మని 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

వశిష్ఠ_గట్టు:
పేర్ల దగ్గర జాగ్రత్త. మనవైపు ఇంటిపేరు ముందు, అవతల ఆఖర్న. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సర్వీసు రికార్డులో ఒక్క పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు. ఈ మూడూ కలవకపోతే స్పర్శ్‌లో (రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఫైలు ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. ఇవన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి, తహసీల్దారు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో జతచేయండి. పాత తూర్పుగోదావరి వాళ్ళకి కాకినాడలో, పశ్చిమకి ఏలూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అర్జీ అక్కణ్ణుంచి కవరింగ్ లెటర్‌తో కూడా పంపించుకోండి. ఒరిజినల్స్ మాత్రం ఎక్కడా ఇవ్వొద్దు.

రాజోలు_లంక:
ఆయ్, చాలా థాంక్సండి. పీపీవో వచ్చి ఏడాది దాటింది. గడువు అయిపోయినట్టేనా?

గౌతమి_పాయ:
అవలేదు. పెన్షన్ తక్కువ ఇవ్వడం నెలనెలా జరిగే తప్పు కిందే లెక్క, కేసు ఆలస్యమైనా వినొచ్చని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. కాకపోతే కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ళ బకాయే ఇస్తారు. అందుకే ఆర్టీఐ జవాబు వచ్చేదాకా అర్జీ ఆపమంటే నేనొప్పుకోను, రెండూ ఒకేరోజు పోస్టు చేయండి. కాగితాలు వచ్చాక అదనపు అర్జీ ఇంకోటి పంపొచ్చు.

రికార్డ్ ఆఫీసు కాదన్నా, ఆరు నెలలు జవాబివ్వకపోయినా, తర్వాతి ఆరు నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. మనకి చెన్నై బెంచి. మీ కేసుకి దగ్గరగా ఉన్నది 2024 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు. నియంత్రణ రేఖ దగ్గర పెట్రోలింగ్‌లో, విపరీతమైన చలిలో గుండె ఆగి చనిపోయిన జవాను భార్యకి లిబరలైజ్డ్ ఇవ్వాల్సిందేనంది. ఆవిణ్ణి కోర్టుల చుట్టూ తిప్పినందుకు కేంద్రం మీద 50,000 ఖర్చులు కూడా వేసింది. ఆ తీర్పు కాపీ అర్జీకే కుట్టేయండి. లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, రాజమండ్రిలో జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి.

ఇంకోటి, ఎక్స్‌గ్రేషియా (ఒకేసారి ఇచ్చే పరిహారం) సంగతి ఎవరూ ఎత్తలేదు. నోటిఫై చేసిన ఎత్తైన సరిహద్దు పోస్టుల్లో డ్యూటీ మీద, విపరీత వాతావరణం వల్ల పోయినా కేంద్రం 35 లక్షలిస్తుంది. అది పెన్షన్‌తో కలవదు, వేరే క్లెయిమ్. పోస్టు పేరు, ఎత్తు, ఆ రోజు వాతావరణం ఎంక్వైరీలో రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కి విడిగా ఉత్తరం రాసి సర్టిఫికెట్ అడగాలి. యూనిట్ వేరేచోటికి మారాక ఆ కాగితాలు పట్టుకోవడం కష్టం, దీన్ని ఈ వారంలోనే పంపండి.