బాపు కంట్లో ‘నరం మూసుకుపోయింది’ అన్నారు, ఇంజక్షన్‌తో చూపు వస్తుందా?

ప్రశ్న (నర్సంపేట నుంచి)

మా బాపుకు 63 ఏళ్లు. గత నెల ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చదవబోతే, కుడి కంటికి అంకెలు మసకగానూ గీతలు వంకరగానూ కనిపించాయట. నొప్పి, ఎరుపు లేకపోవడంతో అద్దాలు మారిస్తే సరిపోతుందని మూడు వారాలు ఊరుకున్నారు. హనుమకొండలో చూసిన వైద్యులు కంటి వెనుక నరం కొమ్మ ఒకటి మూసుకుపోయి మాక్యులా (కంటి లోపలి తెర నడిమి భాగం) వాచిందని, నెలకొకటి చొప్పున కంట్లో ఇంజక్షన్లు వేయాలని చెప్పారు. నరమే పోయాక ఇంజక్షన్ ఎందుకని బాపు అడుగుతున్నారు.

జవాబు 1 (ఆప్టోమెట్రిస్టు, కరీంనగర్)

మనవైపు నాడినీ, రక్తనాళాన్నీ కూడా నరమనే అంటాం కాబట్టి, చూపును మెదడుకు చేరవేసే నరమే పోయిందని మీ బాపు అనుకుంటున్నట్టున్నారు. మూసుకున్నది రెటీనా (కంటి లోపలి తెర) నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిర. ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటికీ పైపొర ఒక్కటే. ఏళ్ల తరబడి బీపీ ఉండి ధమని గట్టిపడితే, కింద ఉన్న మెత్తటి సిర నలిగి రక్తం గడ్డకడుతుంది. మడిలోకి నీరు వచ్చే కాలువ పారుతూనే ఉండి, బయటికి పోయే కాలువ పూడిపోతే ఏమవుతుందో పాకాల ఆయకట్టు రైతుకు చెప్పనక్కరలేదు. అలా ఎగదన్నిన రక్తంలోని నీరు సన్నని నాళాల నుంచి ఊరి, చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ ఆధారమైన మాక్యులాలో చేరుతుంది. వెలుగు పడే చోటే ఉబ్బి ఉన్నప్పుడు అద్దాలు ఏమీ చేయలేవు.

ఇంజక్షన్ ఆ సిరను తెరవదు. రక్తప్రసరణ దెబ్బతిన్న రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, దానితో నాళాల కారడం పెరుగుతుంది. రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్, బెవాసిజుమాబ్ వంటి మందులు దాన్ని అడ్డుకుంటాయి. ఆ ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తుంది. చూపు ఎంత తిరిగి వస్తుందో ముందే చెప్పలేరు గానీ, కొమ్మ సిర మూసుకున్నవారికి ప్రధాన సిర మూసుకున్నవారికంటే సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. వాపు ఎక్కువ కాలం నిలిచిపోతే మాత్రం కణాలు దెబ్బతింటాయి.

జవాబు 2 (విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట)

నాకు మూసుకున్నది ఎడమ కంటి ప్రధాన సిర. సూది అంటే నేనూ భయపడ్డాను. కానీ కన్ను మొద్దుబారేలా చుక్కలు వేసి ఎక్కించే మందు 0.05 మిల్లీలీటరు మాత్రమే, లోపల కాస్త ఒత్తినట్టు తెలిసిందంతే. రెండో ఇంజక్షన్ తరువాత పత్రికలో పెద్ద అక్షరాలు చదవగలిగాను. ఇక నయమైందని రెండు నెలలు వెళ్లకపోవడం నా తెలివితక్కువతనం, కంటి తెర పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో వాపు మళ్లీ కనిపించింది. ఇంజక్షన్ తరువాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మరునాటి వరకు ఆగవద్దు. బీపీ, షుగర్ కూడా వెంటనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు సార్. ఈ ఉదయం ఎడమ కన్ను మూసుకుని కిటికీ చువ్వలు చూడమంటే, నడిమి రెండూ వంగినట్టున్నాయని బాపు అన్నారు. ఆర్‌ఎంపీ దగ్గర చూపిస్తే బీపీ 170/100 ఉంది. బీపీ మాత్రలు ఏడాది క్రితమే మానేశారని అమ్మ ఇప్పుడు చెప్పింది. మొదటి ఇంజక్షన్‌కు గురువారం వెళ్తున్నాం, మాత్రల సంగతి కూడా ఆ డాక్టరుకే చెబుతాను.