నల్ల తుమ్మకు ‘అకేషియా’ పేరు తీసేయడం న్యాయమేనా?

తుమ్మబంక:
నిన్న మా అమ్మాయి ప్రాక్టికల్ రికార్డులో నల్ల తుమ్మ బొమ్మ కింద ‘వాచెలియా నైలోటికా’ అని ఉంది. తప్పు రాశావని కోప్పడ్డాను. తీరా చూస్తే తప్పు నాదే. నేను చదువుకున్న ‘అకేషియా నైలోటికా’ ఇప్పుడు పాతపేరట! అకేషియా అన్నది ముల్లు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందంటారు. మా గట్టు మీది చెట్టుకు జంటజంటగా తెల్లటి ముళ్ళు. చెప్పు అట్టను దాటి అరికాల్లో దిగుతాయి. ఆ పేరు తీసుకెళ్ళి, చాలావాటికి ముళ్ళే లేని ఆస్ట్రేలియా చెట్లకు కట్టబెట్టారు. ఇదేం న్యాయం?

ఎండుకొమ్మ:
కోపం సరేగానీ, లెక్క కూడా చూడండి. పాత అకేషియాలో సుమారు 1,350 జాతులుండేవి. డీఎన్ఏ పరీక్షల తర్వాత అవన్నీ ఒకే వంశం కావని తేలింది. వేరు పడక తప్పదు, ఇంటిపేరు ఎవరికన్నదే తగవు. అందులో వెయ్యికి దగ్గరగా ఆస్ట్రేలియావే. పేరు తుమ్మకే ఉంచితే వాటన్నిటినీ ‘రాకోస్పెర్మా’ అని తిరగరాయాలి. ఇటు తుమ్మ వైపు ముక్కలైన వాచెలియా, సెనెగాలియా రెండూ కలిపినా వాటిలో సగం లేవు.

తుమ్మబంక:
మంది ఎక్కువైతే ఇంటిపేరు వాళ్ళదైపోతుందా? ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును చీల్చినప్పుడు పేరు టైప్ జాతి (ఆ పేరుకు ప్రమాణంగా నిలిపిన జాతి) వెంట పోవాలన్నది మీ వృక్షశాస్త్రం నియమమే కదా. అకేషియాకు ఆ టైప్ మన నల్ల తుమ్మే. దాన్ని దింపి ఒక ఆస్ట్రేలియా జాతిని కూర్చోబెట్టారు. 2005లో వియన్నా వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో దాదాపు 55 శాతం ఓట్లు ఈ మార్పుకు వ్యతిరేకంగా పడ్డాయి. అయినా మార్పు చేయమన్న నామకరణ కమిటీ సిఫారసును తోసిపుచ్చడానికి 60 శాతం కావాలన్నారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు ఓడిన ఎన్నిక! 2011లో ఆఖరి ముద్ర పడింది ఎక్కడో తెలుసా? మెల్‌బోర్న్‌లో.

జమ్మికింద:
వాచెలియా మనకు మరీ పరాయిదేమీ కాదండీ. 1834లో రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ దక్షిణ భారత మొక్కల మీద రాసిన గ్రంథంలో కస్తూరి తుమ్మకు పెట్టిన పేరది.

తుమ్మబంక:
పెట్టింది మకావులో ఉన్న వాచెల్ అనే పాదిరి పేరు మీదుగా. మన తుమ్మకూ ఆయనకూ ఏం చుట్టరికం?

జమ్మికింద:
అదీ నిజమే. ఇంకోటి చూడండి. 2022లో జమ్మి, సర్కారు తుమ్మ కలిసి ఉన్న ప్రోసోపిస్‌ ప్రజాతిని చీల్చినప్పుడు పేరు టైప్ జాతి అయిన మన జమ్మి దగ్గరే ఉండిపోయింది. సర్కారు తుమ్మ ‘నెల్టూమా జూలిఫ్లోరా’ అయింది. అమెరికా జాతులే ఎక్కువైనా పేరు వాటి వెంట పోలేదు.

తుమ్మబంక:
నేను అడుగుతున్నదీ అదే కదా!

ఎండుకొమ్మ:
నియమానికి మినహాయింపు ఉండాలనే నేనంటాను. వెయ్యి పేర్లు మారిస్తే అడవుల శాఖ నుంచి నర్సరీ దాకా గందరగోళమే. కానీ ఆ 60 శాతం సంగతి నాకూ మింగుడుపడలేదు, ఒప్పుకుంటాను.

తుమ్మబంక:
సరే, పిల్ల పరీక్షలో ఏది రాయాలి?

ఎండుకొమ్మ:
వాచెలియా నైలోటికా. పక్కన బ్రాకెట్లో పాతపేరు. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో మేం చేసేదీ అదే. పాత చీటీ చింపం, పక్కన కొత్తది అంటిస్తాం. మా దగ్గరున్న ఒక తుమ్మ షీటు మీద ‘అకేషియా అరబికా’, ‘అకేషియా నైలోటికా’, ‘వాచెలియా నైలోటికా’ అని మూడు చీటీలున్నాయి. నాలుగోదానికి కాస్త చోటు మిగిలింది.

తుమ్మబంక:
అంటించడానికి బంక మా గట్టు మీదిది పంపనా?