'ఇన్వాలంటరీ సర్విట్యూడ్'కి తెలుగేంటి? వెట్టి అనొచ్చా?

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర ఉంటాం, ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్తుంటాను. జూన్‌టీన్త్ వస్తోంది కదా, 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో అమెరికా సైన్యం వచ్చి అక్కడి నల్లవాళ్ళకి ఇక మీరు బానిసలు కాదు అని చెప్పిన రోజు, బానిసత్వాన్ని రద్దు చేస్తూ అదే ఏడాది డిసెంబర్‌లో ఖాయమైన అమెరికా రాజ్యాంగం 13వ సవరణని పిల్లల చేత తెలుగులో రాయిద్దామనుకున్నా. స్లేవరీకి బానిసత్వం, సరే. పక్కనే ఉన్న ఇన్వాలంటరీ సర్విట్యూడ్, అంటే ఇష్టం లేకున్నా బలవంతాన చేయించే చాకిరీ, దగ్గర ఆగిపోయా. 'అసంకల్పిత దాస్యం' అని రాస్తే నాకే నచ్చలేదు.

జవాబు:
అక్కా, అసంకల్పిత అంటే సైన్స్ బుక్కుల అసంకల్పిత ప్రతీకార చర్యే యాదికొస్తది. వెట్టి అని రాయండి. మాది నల్గొండ. మా నాయనమ్మ చెప్పేది, దొర గడీకి మోటబొక్కెన కుట్టియ్యాలె, చెప్పులు కుట్టియ్యాలె, పైసా ఇయ్యరు, ఇంట్ల పిల్లకు జరమున్నా పిలిస్తే పోవుడే. 'బాంచెన్ దొరా, కాల్మొక్త' అనేటోళ్లు కదా, బాంచెన్ అంటేనే నీ బానిసను అని. దండం పెట్టుడులనే ఆ మాట ఉండె, తల్సుకుంటే ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది.

జవాబు:
వెట్టి సరిగ్గా అతుకుతుందమ్మా. విష్టి అనే సంస్కృత మాట నుంచి వచ్చిందంటారు, కూలి లేకుండా చేయించుకునే పని. మన రాజ్యాంగం 23వ అధికరణం ఇంగ్లీషు ప్రతిలో కూడా 'బేగార్' (వెట్టే) అనే రాశారు, ఇక్కడి మాటనే పెట్టారు, నాకది చాలా ఇష్టం. అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతిని రద్దు చేస్తూ 1976లో విడిగా చట్టం రావాల్సొచ్చింది, 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీనే అంది. ఒక్క సంగతి మాత్రం పిల్లలకి చెప్పండి, అమెరికాలో మనిషిని వేలంలో అమ్మేవారు, తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా యజమాని ఆస్తే. మన దగ్గర వెట్టి కులాన్ని బట్టి పడేది. రెండూ ఒకటే అనుకోకూడదు.

అడిగినామె:
చాలా థాంక్సండీ, వెట్టి ఖాయం. ఇంకో చిక్కు. ఆ వాక్యంలో 'నేరానికి శిక్షగా తప్ప' అని ఉంది. మన వాక్యనిర్మాణం ప్రకారం రాస్తే ఆ ముక్క ముందుకొచ్చేసి, ఏది రద్దయిందో తెలిసేలోపే మినహాయింపు తగుల్తోంది.

జవాబు:
ఆ 'తప్ప'ని మాత్రం వదిలెయ్యకండమ్మా. దాన్ని పట్టుకునే కదా దక్షిణాది రాష్ట్రాల్లో పని లేకుండా తిరుగుతున్నాడని కేసు పెట్టి, నల్లవాళ్ళని జైల్లో వేసి, ఆ ఖైదీల్ని గనులకీ తోటలకీ అద్దెకిచ్చారు. అలబామాలో అది 1928 దాకా నడిచింది, అంటే సవరణ వచ్చాక అరవై ఏళ్ళు పైనే. మాట్లాడేటప్పుడు తప్పని చివర్లో అంటాం కదా, అలాగే రాయించండి.

అడిగినామె:
ఇలా రాయిస్తున్నా: "అమెరికాలో గానీ, దాని అధికారం కిందున్న ఏ చోట గానీ బానిసత్వం, వెట్టి ఉండకూడదు, నేరం సక్రమంగా రుజువైన వాళ్ళకి వేసే శిక్షగా తప్ప." తప్ప కింద గీత గీయిస్తాను.